సున్నా ఎక్కడ పెట్టాలి సార్?

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయంటే నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. మాటలు మారతాయి, ప్రశ్న మారదు. "సార్, గ్రాఫుకి స్కేలు ఎంత తీసుకోవాలి?" ఈసారి మాచర్ల నుంచి ఒక అమ్మాయి గ్రాఫు ఫొటో కూడా పెట్టింది. లఘులోలకం ప్రయోగం. పాయింట్లు ఐదూ కింద ఎడమ మూలన, చలికాలం పొద్దున్నే మంట చుట్టూ చేరినట్టు ముడుచుకుని కూర్చున్నాయి. మిగతా కాగితమంతా ఖాళీ. ఫొటో కింద ఇలా రాసింది: "రీడింగులు కరెక్టే సార్. జి విలువ మాత్రం 1009 వచ్చింది. మా ఫ్రెండుది పేజీ నిండా వచ్చింది, 980 కూడా వచ్చింది. నాది ఎందుకిట్టా అయింది?"

ఈ ప్రశ్నకు మన కాలేజీల్లో తరతరాలుగా నడుస్తున్న జవాబు ఒకటుంది: సీనియర్ రికార్డు చూసి ఆ స్కేలే వేసెయ్యి. ఆ సీనియర్ ఇంకో సీనియర్‌ది చూసి వేశాడు. ఎప్పుడో ఒక పుణ్యాత్ముడు తన రీడింగులకు సరిపడే స్కేలు ఆలోచించి తీసుకుని ఉంటాడు. ఆయన దారం పొడవులు వేరు, మీ దారం పొడవులు వేరు. చెప్పు ఆయన సైజుది, కాలు మనది.

అందుకని ఈ వారం స్కేలు సంగతే. (చేతిలో ఉండే ప్లాస్టిక్ స్కేలు కాదు. దాని గురించి చెప్పాలంటే, చివర అరిగిపోయి సున్నా కనపడని స్కేళ్ల మీద వేరే కాలమ్ రాయాలి.)

ముందు ఆ అమ్మాయి లెక్కే చూద్దాం. దారం పొడవు 60, 80, 100, 120, 140 సెం.మీ. ఒక్కో పొడవుకి ఆవర్తన కాలం కనుక్కుని వర్గం చేస్తే, రీడింగులు బాగా వచ్చిన ప్రయోగంలో దాదాపుగా 2.42, 3.23, 4.04, 4.84, 5.65 సె² రావాలి. ఆమె అంకెలు వీటికి దగ్గర్లోనే ఉన్నాయి. ఎక్స్-అక్షం మీద 1 సెం.మీ. = 20 సెం.మీ. తీసుకుంది. వై-అక్షం మీద 1 సెం.మీ. = 1 సె². అంటే అన్నిటికన్నా పెద్ద పాయింటు కూడా కుడివైపుకి 7 సెం.మీ., పైకి 5.65 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది. గ్రాఫు కాగితాలు అన్నీ ఒకే సైజులో ఉండవు గానీ, గళ్లున్న భాగం 18 సెం.మీ. వెడల్పు, 24 సెం.మీ. ఎత్తు అనుకుందాం. ఈ గ్రాఫు వాడుకున్నది ఆ కాగితంలో పదో వంతు కూడా లేదు.

"పేజీ నిండకపోతే ఏమైంది, గీత గీతే కదా" అని మీరనొచ్చు. అందంగా లేదని మార్కు తగ్గిస్తారు, అంతే అనుకునేవాళ్లే ఎక్కువ. అసలు నష్టం అది కాదు. గీత మీద రెండు చోట్ల విలువలు చదివి స్లోప్ కట్టాలి. ఎంత జాగ్రత్తగా చూసినా కంటికి, పెన్సిల్ మొనకి కలిపి అర మిల్లీమీటరు అటూ ఇటూ పోతుంది. పైన అర గడి ఎక్కువ, కింద అర గడి తక్కువ చదివామనుకోండి, మొత్తం ఒక చిన్న గడి తేడా. ఆ అమ్మాయి స్కేల్లో ఒక చిన్న గడి అంటే 0.1 సె². 60కీ 140కీ మధ్య రావాల్సిన తేడా 3.23 అయితే, చదవడంలోనే అది 3.13 కావచ్చు, 3.33 కావచ్చు. లెక్క కట్టి చూడండి: ఒకవైపు జి విలువ 1009, ఇంకోవైపు 948. ప్రయోగం ఒకటే, గుండు ఒకటే, స్టాప్ క్లాక్ ఒకటే. తేడా అంతా కాగితం మీద పుట్టింది.

అదే వై-అక్షం మీద 1 సెం.మీ. = 0.25 సె² తీసుకుంటే చిన్న గడి విలువ 0.025. కన్ను చేసే తప్పు అంతే, అర గడి. కానీ ఇప్పుడు జి 970కీ 985కీ మధ్యనే ఊగుతుంది. స్కేలు మార్చినందుకు తప్పు నాలుగో వంతుకు దిగింది.

ఇక్కడే నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. 1009 వచ్చిన పిల్లలు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. స్కేలుని అనుమానించరు, రీడింగులను అనుమానిస్తారు. "మనం ఎక్కడో తప్పు లెక్కపెట్టాం" అనుకుని, నిజాయితీగా తీసిన 20 డోలనాల సమయాన్ని రబ్బరుతో చెరిపి, 980 వచ్చేలా వెనకనుంచి లెక్క కట్టి కొత్త అంకెలు వేస్తారు. పల్నాటి పౌరుషానికి పోయి ఐదు పాయింట్లనూ పట్టుకొచ్చి గీత మీదే నిలబెడతారు. ఎగ్జామినర్ అలాంటి గ్రాఫులు వందల్లో చూసుంటాడు, ఒక్క పాయింటు కూడా పక్కకు జరగని గ్రాఫు చూస్తే ఆయనకే నవ్వొస్తుంది. అసలు 980 అనేది మన ఊరి విలువ కూడా కాదు. జి భూమధ్యరేఖ దగ్గర దాదాపు 978, ధ్రువాల దగ్గర 983. నరసరావుపేట, గురజాల, మాచర్ల అన్నీ 16 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి మనకి 978 దాటి అర లోపు. అంటే 978 వచ్చిన కుర్రాడు కూడా తన మంచి రీడింగుని చెడగొట్టుకుని 980 చేస్తున్నాడన్నమాట.

సరే, స్కేలు ఎంచుకోవడం ఎట్టా? పెద్ద విద్యేం కాదు. అక్షం మీద చూపించాల్సిన మొత్తం విస్తీర్ణాన్ని, చేతిలో ఉన్న సెంటీమీటర్లతో భాగించండి. పొడవుకి 140ని 18తో భాగిస్తే 7.8 చిల్లర. దానికి పైన దగ్గర్లో ఉన్న సులువైన అంకెకు వెళ్లండి. సులువైన అంకెలు అంటే 1, 2, 5, వాటికి పక్కన సున్నాలు చేర్చినవి, లేదా పదితో భాగించినవి. ఇక్కడ 10. అప్పుడు 140 అనేది 14వ సెంటీమీటరు దగ్గర పడుతుంది. బాగుంది.

ఎందుకు 8 తీసుకోకూడదు, కాగితం ఇంకా నిండుతుంది కదా అంటారా? 1 సెం.మీ. = 8 అయితే చిన్న గడి 0.8. ఇప్పుడు 100 ఎక్కడుందో చెప్పండి చూద్దాం. పన్నెండున్నర సెంటీమీటర్ల దగ్గర. 3 తీసుకుంటే ఇంకా ఘోరం: 10 అనే అంకె 33 గళ్లు దాటి ఇంకో మూడో వంతు దగ్గర, అసలు గీతే లేని చోట కూర్చుంటుంది. 7 అయితే చెప్పక్కర్లేదు. మూడు గంటల పరీక్షలో, ఎదురుగా ఎగ్జామినర్ తిరుగుతుండగా, ఐదు పాయింట్లకు పదిసార్లు భాగహారాలు చేస్తే ఎక్కడో ఒకచోట చెయ్యి తప్పుతుంది. కాగితం కాస్త ఖాళీగా ఉన్నా పరవాలేదు గానీ, స్కేలు నోటి లెక్కకు లొంగాలి.

వై-అక్షానికి వద్దాం. 5.65ని 24తో భాగిస్తే 0.235. పైన ఉన్న సులువైన అంకె 0.5. అది తీసుకుంటే గ్రాఫు ఎత్తు 11.3 సెం.మీ., అంటే సగానికి కాస్త తక్కువ. 0.2 తీసుకుంటే 28 సెం.మీ. కావాలి, కాగితం చాలదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నప్పుడు నేను 0.25కి ఓటేస్తాను. పుస్తకం నియమం ప్రకారం అది 1, 2, 5 వరసలోది కాదు. కానీ పావు మనకి కొత్త కాదు. పావలా, పావుకిలో, పావుగంట. నాలుగు సెంటీమీటర్లు అంటే ఒకటి, అంతే. 3.23ని గుర్తించాలంటే 3కి పన్నెండు సెంటీమీటర్లు, మిగిలిన 0.23కి తొమ్మిది చిన్న గళ్లు దాటి ఒక పిసరు. పావు లెక్క ఇబ్బంది అనిపిస్తే 0.5 వేసుకోండి, కొంప మునగదు. మాచర్ల అమ్మాయికి కూడా ఇదే చెప్పాను: రీడింగులు ముట్టుకోవద్దు, కాగితం మార్చు.

ఇంతవరకు సులువైన భాగం. అసలు చిక్కు సున్నాతో.

స్కేలంటే ఒక సెంటీమీటరుకి ఎంత అనేదొక్కటే కాదు, అక్షం ఎక్కడ మొదలవ్వాలి అనేది కూడా. లోలకం రీడింగులు 60 నుంచి మొదలవుతాయి కదా, అక్షం కూడా 60 నుంచే మొదలుపెడితే 80 సెం.మీ. విస్తీర్ణమే ఉంటుంది, 1 సెం.మీ. = 5 తీసుకోవచ్చు, ఇంకా పెద్దగా వస్తుంది. చాలామంది తెలివైన పిల్లలు ఇదే చేస్తారు. స్లోప్ ఒక్కటే కావాలంటే ఇది తప్పు కాదు. కానీ ఆ గ్రాఫు ఇంకో మాట కూడా చెప్పాలి: పొడవు సున్నా అయితే ఆవర్తన కాలం కూడా సున్నా, కాబట్టి గీత మూలబిందువు గుండా పోవాలి. పోతోందా లేదా అని చూడాలంటే మూలబిందువు కాగితం మీద ఉండాలిగా!

అది చూస్తే ఏం దొరుకుతుందో చెప్తాను. దారం పొడవు కొలిచి, గుండు వ్యాసార్థం కలపడం మర్చిపోయారనుకోండి. స్లోప్ మారదు, జి కూడా మారదు. కానీ గీత మొత్తం ఎడమకి జరుగుతుంది. గుండు వ్యాసార్థం 1 సెం.మీ. అయితే, మన స్కేల్లో గీత ఎక్స్-అక్షాన్ని మూలబిందువుకు ఒక చిన్న గడి ఎడమ పక్కన తాకుతుంది. కొక్కెం పొడవు కూడా వదిలేస్తే రెండు మూడు గళ్లు. 60 నుంచి మొదలుపెట్టిన గ్రాఫులో ఈ విషయం జన్మలో కనపడదు. ఓమ్ నియమం కూడా అంతే. వోల్టేజి సున్నా అయితే కరెంటు సున్నా కావాలి. గీత మూలబిందువు తప్పి పోయిందంటే ముందు అమ్మీటర్ ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడాలి.

కాబట్టి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ సున్నాకి అర్థం ఉందా, లేక అది పేరుకి మాత్రమే సున్నానా?

ఇది ల్యాబ్ బయట ఇంకా బాగా అర్థమవుతుంది. నాగార్జునసాగర్ తీసుకోండి. కుడి కాలువ కింద మన జిల్లా బతుకు సగం దానిమీదే ఉంది కాబట్టి వానాకాలంలో రోజూ నీటిమట్టం చూడని ఇల్లుండదు. పూర్తి మట్టం 590 అడుగులు. కనీస నీటిమట్టం 510. ఈ రెండు అంకెల మధ్యనే రైతు ఆశా నిరాశా అన్నీ. ఇప్పుడు దీన్ని సున్నా నుంచి మొదలుపెట్టి గీయండి. 24 సెం.మీ. ఎత్తులో 590 పట్టాలంటే 1 సెం.మీ. = 25 అడుగులు. రిజర్వాయర్ నిండుకుండలా ఉన్న రోజుకీ, అడుగంటిన రోజుకీ మధ్య తేడా 3.2 సెం.మీ. చూసినవాడు "ఏముంది, బానే ఉన్నాయిగా నీళ్లు" అనుకుంటాడు. నిజాయితీగా సున్నా నుంచి గీసిన గ్రాఫే అబద్ధం చెప్తోంది.

ఎందుకంటే ఆ 590 అడుగులు డ్యామ్ అడుగు నుంచి కొలిచింది కాదు, సముద్ర మట్టం నుంచి కొలిచింది. ఆ లెక్కలో సున్నా ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంది. సాగర్ నీళ్లకీ ఆ సున్నాకీ ఏ సంబంధమూ లేదు. ఇలాంటి చోట 500 దగ్గర మొదలుపెట్టి, 1 సెం.మీ. = 5 అడుగులు తీసుకోండి. తేడా 16 సెం.మీ. అవుతుంది. ప్రతి అడుగూ కనిపిస్తుంది.

అయితే దీనికీ ఒక ముల్లుంది. 500 దగ్గర మొదలైన గ్రాఫులో గీత 545కి దిగితే కాగితం మీద సగానికి వచ్చినట్టుంటుంది. "సగం నీళ్లు అయిపోయాయి" అని వాట్సాప్‌లో పెట్టేస్తారు. కాదు. లోయ కింద ఇరుకు, పైన వెడల్పు. పైన ఒక అడుగులో ఉన్న నీళ్లు కింద ఒక అడుగులో ఉండవు. 510కి దిగాక కూడా అడుగున బోలెడు నీళ్లుంటాయి. నీళ్లెన్ని ఉన్నాయని తెలియాలంటే అడుగుల గ్రాఫు కాదు, టీఎంసీల గ్రాఫు గీయాలి. పూర్తి మట్టం దగ్గర 312 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ గ్రాఫు మాత్రం సున్నా నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే సున్నా టీఎంసీలు అంటే నిజంగానే చుక్క లేదని. అడుగుల సున్నా వేరు, టీఎంసీల సున్నా వేరు. రిజర్వాయర్ ఒకటే.

రెంటచింతల ఎండ కూడా ఇదే కథ. మే నెలలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల లిస్టు వచ్చిందంటే మన రెంటచింతల పేరు తరచూ ఉంటుంది. వారం రోజుల ఎండ 41, 42, 44, 45 అని పోయిందనుకోండి. సున్నా డిగ్రీల నుంచి గీస్తే దాదాపు చదునైన గీత. సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చోటు. రెంటచింతలకి దాంతో ఏం పని? గీత గ్రాఫుని 35 దగ్గర మొదలుపెట్టండి, ఎవరూ తప్పు పట్టరు. కానీ అదే ఉష్ణోగ్రతతో చార్లెస్ నియమం గ్రాఫు గీస్తే మాత్రం అక్షాన్ని ఎడమకి మైనస్ 273 దాకా సాగదీయాలి. వాయువు ఘనపరిమాణం గీత అక్కడికెళ్లి సున్నాని తాకేలా ఉంటుంది కాబట్టి అక్కడి సున్నాకి ప్రాణం ఉంది. కొలిచేది ఉష్ణోగ్రతే, అడిగే ప్రశ్న మారితే సున్నా చోటు మారింది.

ఒక చిన్న షరతు. గీతతో చూపిస్తే సున్నా వదిలెయ్యొచ్చు గానీ, కడ్డీలతో చూపించే బార్ గ్రాఫుకి ఆ వెసులుబాటు లేదు. కడ్డీని చూసే కన్ను దాని పొడవునే పోలుస్తుంది. 40 దగ్గర మొదలుపెట్టి కడ్డీలు నిలబెడితే 42 పక్కన 44 రెట్టింపు ఎత్తులో కనిపిస్తుంది. కోటప్పకొండ తిరునాళ్లకి ఊరూరూ పోటీపడి ప్రభలు కట్టినట్టు. ప్రభకి ఆ ఎత్తు అందం, కడ్డీకి మోసం.

మళ్లీ ల్యాబ్‌కి. పట్టకం ప్రయోగంలో సున్నా వదలకపోతే ప్రయోగమే పోతుంది. 60 డిగ్రీల గాజు పట్టకం, వక్రీభవన గుణకం 1.5 అనుకోండి. పతన కోణం 35 నుంచి 60 దాకా మార్చుకుంటూ పోతే విచలన కోణం 41 నుంచి 37.2 దాకా దిగి, మళ్లీ 38.9 దాకా ఎక్కుతుంది. మొత్తం ఆట నాలుగు డిగ్రీల లోపే. వై-అక్షం సున్నా నుంచి మొదలుపెట్టి 1 సెం.మీ. = 2 డిగ్రీలు వేస్తే, కనుక్కోవాల్సిన ఆ గిన్నె ఆకారం రెండు సెంటీమీటర్ల లోతు కూడా ఉండదు. కనిష్ఠ విచలనం ఎక్కడుందో చూపించమంటే వేలు పెట్టడానికి చోటుండదు. 35 దగ్గర మొదలుపెట్టి 1 సెం.మీ. = 0.5 డిగ్రీ తీసుకుంటే గిన్నె అడుగు స్పష్టంగా తెలుస్తుంది. అక్షం మొదట్లో చిన్న మెలిక గుర్తు వేయడం మాత్రం మరవద్దు. "ఇక్కడ కొంత వదిలేశాను" అని చూసేవాడికి చెప్పే మర్యాద అది.

అయితే ఇంకా పెద్దగా, 1 సెం.మీ. = 0.1 డిగ్రీ తీసుకుంటే ఇంకా బాగుంటుందా? ఉండదు. మీ చేతిలో ఉన్నది కోణమానిని. అందులో అర డిగ్రీ చదవగలిగితే గొప్ప. ఆ స్కేల్లో అర డిగ్రీ అంటే 5 సెం.మీ. మీ కొలత తడబాటు కాగితం మీద కొండలూ లోయలూ అయిపోతుంది, గిన్నె కనపడదు. స్కేలుని మరీ చిన్నది చేస్తే ఉన్న విషయం దాక్కుంటుంది. మరీ పెద్దది చేస్తే లేని విషయం పుడుతుంది. మీ పరికరం కనీసపు కొలత ఒకటి రెండు గళ్లంత ఉంటే హాయి. ఐదు పది గళ్లున్నా తట్టుకోవచ్చు. యాభై గళ్లయితే మీరు గీస్తున్నది ప్రయోగం కాదు, చేతి వణుకు.

నమ్మకం కుదరకపోతే మీ జేబులోనే రుజువుంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. ఫోన్‌లో ఉండే సెన్సర్లతో ఫిజిక్స్ ప్రయోగాలు చేసుకోవచ్చు, లోలకంతో సహా. అందులో గురుత్వం తీసేసిన త్వరణం చూపించేది తెరవండి. ఫోన్‌ని బల్ల మీద పెట్టి చెయ్యి తీసేయండి. ఏమీ కదలడం లేదు. కానీ తెర మీద గీత భూకంపం వచ్చినట్టు ఎగిరెగిరి పడుతుంటుంది. కంగారు పడకుండా పక్కనున్న అంకెలు చూడండి. దశాంశ బిందువు తర్వాత సున్నాలు. యాప్ తనంతట తానే స్కేలు చిన్నది చేసుకుంటూ పోయి, సెన్సర్ లోపలి గురగురని మీకు సినిమా తెరంత చేసి చూపిస్తోంది. ఇప్పుడు ఫోన్ తీసి ఒక్కసారి ఊపండి. స్కేలు సర్దుకుంటుంది, ఇందాకటి భూకంపమంతా గీత మందంలో కలిసిపోతుంది.

ఆటో స్కేలు అనేది ఫోన్‌లో మీరు చూసే ప్రతి గ్రాఫు వెనకా ఉంది. షేర్ల యాప్ అయినా, నడిచిన అడుగుల లెక్కయినా. ల్యాబ్‌లో అయితే పోయేది ఒకటి రెండు మార్కులు. మిర్చి ధర విషయంలో అలా కాదు. ఇంట్లో నలభై క్వింటాళ్లు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయనుకోండి. గుంటూరు యార్డు ధర పది రోజుల్లో 14,000 నుంచి 14,500 అయిందని అనుకుందాం. ఫోన్‌లో గ్రాఫు అక్షం 13,900 నుంచి 14,600 దాకానే ఉంటే గీత కొండెక్కుతున్నట్టు ఉంటుంది. "ఇంకా పెరుగుతుంది నాన్నా, ఆగు" అంటాడు కొడుకు. అవే అంకెలను సున్నా నుంచి గీస్తే దాదాపు బల్లపరుపు. "ఏం పెరగట్లేదు, అమ్మెయ్యి" అనిపిస్తుంది. రెండు గ్రాఫుల్లోనూ అబద్ధం లేదు. పెరిగింది మూడున్నర శాతం. నలభై క్వింటాళ్ల మీద ఇరవై వేలు. అందులోంచి ఆ పది రోజుల స్టోరేజీ అద్దె, అప్పు మీద వడ్డీ తీసేస్తే ఎంత మిగిలిందో అదే అసలు జవాబు, దానికి గ్రాఫు వాలుతో పని లేదు. నాన్నకి ఫోన్ చూపించే ముందు ఎడమ పక్కన ఉన్న అంకెలు చదివి వినిపించండి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది.

పరీక్షకి వెళ్లేవాళ్ల కోసం ఇంకో రెండు గ్రాఫులు చెప్పకుండా వదిలితే నాకు నిద్రపట్టదు.

ఒకటి కుంభాకార కటకం, యు–వి గ్రాఫు. ఇక్కడ రెండు అక్షాలకీ ఒకే స్కేలు ఉండి తీరాలి. కటకం నాభ్యంతరం 20 సెం.మీ. అనుకోండి. వస్తువు 30 దగ్గరుంటే ప్రతిబింబం 60 దగ్గర, 40కి 40, 60కి 30. రెండు వైపులా 1 సెం.మీ. = 5 తీసుకుని, మూలబిందువు నుంచి 45 డిగ్రీల గీత గీస్తే అది వక్రాన్ని 40, 40 దగ్గర కోస్తుంది. అందులో సగం 20. సరిపోయింది. ఇప్పుడు వై-అక్షానికి మాత్రం 1 సెం.మీ. = 10 తీసుకున్నారనుకోండి. అదే 45 డిగ్రీల గీత ఇప్పుడు వక్రాన్ని 30, 60 దగ్గర కోస్తుంది. కింద చదివితే నాభ్యంతరం 15, పక్కన చదివితే 30. కటకం ఒక్కటే, నాభ్యంతరాలు రెండు! 45 డిగ్రీల గీత యు, వి సమానమైన చోటుని చూపించేది రెండు స్కేళ్లూ సమానంగా ఉన్నప్పుడే. మిగతా గ్రాఫుల్లో కాగితం నింపమని చెప్పిన నేనే ఇక్కడ వద్దంటున్నాను.

రెండోది డయోడ్. ఇది దానికి పూర్తి తిరకాసు. పురోశక్మంలో వోల్టేజి ఒక వోల్టు లోపే, కరెంటు మిల్లీ ఆంపియర్లలో. తిరోశక్మంలో వోల్టులు పదుల్లో, కరెంటు మైక్రో ఆంపియర్లలో. అన్నిటికీ ఒకే స్కేలు, 1 సెం.మీ. = 2 మిల్లీ ఆంపియర్లు అని వేస్తే, 20 మైక్రో ఆంపియర్ల తిరోశక్మ కరెంటు అక్షానికి పదో వంతు మిల్లీమీటరు కింద ఉంటుంది. పెన్సిల్ గీత మందం అంతకంటే ఎక్కువ. అందుకే ఎదురెదురు భాగాలకి నాలుగు స్కేళ్లు. నాలుగూ గ్రాఫు పైన కుడి మూలన, యూనిట్లతో సహా రాయాలి. యూనిట్లు లేకుండా "1 సెం.మీ. = 2" అని రాసిన స్కేలు చూస్తే ఎగ్జామినర్ అడిగే వైవా ప్రశ్న ముందే చెప్పేస్తున్నా: "రెండు ఏంది నాయనా? ఏనుగులా?"

పాయింట్లు పెట్టాక వాటి మధ్యలోంచి గీత ఎట్టా లాగాలి, పక్కకి జరిగిన ఒక్క పాయింటుని ఏం చేయాలి అన్నది వచ్చే వారం. అప్పటిదాకా రబ్బరు బ్యాగులోనే ఉంచండి.